ఆరు టైర్ల విమానం

మా నాన్న విమానం ఎక్కేముందు టైర్లు లెక్కపెట్టాడు.

గన్నవరంలో అప్పటికి పాత టెర్మినలే. గాజు తలుపు దాటితే నేరుగా ఎండ, ఆ ఎండలో కాస్త దూరం నడిస్తే విమానం. లైన్లో అందరూ మెట్ల వైపు పోతుంటే ఈయన మాత్రం పక్కకి జరిగి, నడుం వంచి, రెక్క కిందికి తొంగి చూస్తున్నాడు. వాకీటాకీ పట్టుకున్న కుర్రాడొకడు "సార్, ఇటు రండి సార్" అంటూ పరుగెత్తుకొచ్చాడు. నాన్న తాపీగా లైన్లోకి వచ్చి నా చెవి దగ్గర అన్నాడు: "ముందు రెండు, వెనక నాలుగు. ఆరు టైర్ల బండేరా ఇది. మన పది టైర్ల బండి నయం."

తలుపు దగ్గర నమస్కారం పెట్టిన అమ్మాయికి తిరిగి నమస్కారం పెట్టి అక్కడే ఆగిపోయాడు. తలుపు చట్రానికి లోపలి వైపు అరచేతిలో సగం ఉండే రేకు ముక్క ఒకటి బిగించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఏదో చెక్కి ఉంది. "ఏం రాశారు?" అన్నాడు. వెనక జనం తోస్తున్నారు. గబగబా చదివి చెప్పాను, ఈ విమానం ఫలానా లీజు కంపెనీ సొత్తు అని రాసుందని. తల ఊపాడు. సీట్లో కూర్చుని, బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాక అప్పుడు అన్నాడు.

"ఫైనాన్స్ బండి."

ఆ మాటలో ఎగతాళేం లేదు. ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో లారీలు తిప్పిన మనిషి. ఆయన చేతుల మీదుగా నడిచిన బండ్లలో ఫైనాన్స్ లేనిది ఒక్కటే ఉండేది. అదీ ఆఖరి కిస్తీ కట్టిన నాలుగు నెలలకే అమ్మేయాల్సి వచ్చింది.

ఇది 2014 మొదట్లో. బెంగళూరులో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్తున్నాం. విమానం ఎయిర్ కోస్టా వాళ్లది.

ఆ పేరు ఇప్పుడు చెబితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. మా వైపు వాళ్లకి మాత్రం అది మన విమానం. హెడ్డాఫీసు విజయవాడ. స్థలాల వ్యాపారం చేసే లింగమనేని వారి ఎల్ఈపీఎల్ గ్రూపు పెట్టింది. 2013 అక్టోబరులో ఎగరడం మొదలెట్టింది. కోస్టా అంటే స్పానిష్‌లో తీరం అని తర్వాత ఎవరో చెప్పారు గానీ, మాకు ఆ వివరం అక్కర్లేకపోయింది. కోస్తా అంటే కోస్తానే. తెల్లారి లేస్తే వాతావరణం వార్తల్లో "కోస్తాలో అక్కడక్కడా జల్లులు" అని వినే జనానికి విమానం మీద ఆ పేరు రాసుంటే ఇంకేం కావాలి? మా కొట్టుకొచ్చే సగం మంది "కోస్తా విమానం" అనే అనేవాళ్లు. నేను దిద్దే పని పెట్టుకోలేదు.

నాకు గాంధీనగర్‌లో టికెట్ల కొట్టు ఉండేది. పది అడుగుల వెడల్పు, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి రైల్వే టైంటేబుల్, ఒక కుర్రాడు. లారీల్లోకి రానని నాన్నతో గొడవ పడి పెట్టుకున్న వ్యాపారం అది. మొదట రైలు, తర్వాత ప్రైవేటు బస్సులు, ఆ తర్వాత విమానాలు. విమానం టికెట్ల మీద ఏజెంట్లకి కమిషన్లు కోస్టా వచ్చేనాటికే పోయాయి. టికెట్‌కి ఇంత అని సర్వీస్ చార్జీ వేసుకుని బతకడమే.

అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1990ల్లో ప్రైవేటు విమానాలకి తలుపులు తెరిచినప్పుడు ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్, ఎన్‌ఈపీసీ అని వరసగా పుట్టుకొచ్చాయి. అవి మాకు పేపర్లో పేర్లే. ఒకటొకటిగా పేపర్లోనే ఆగిపోయాయి కూడా. గన్నవరానికి రోజూ వచ్చే విమానం అన్నది 2003లో ఎయిర్ డెక్కన్ తెచ్చింది. దాన్ని పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ గారు బెంగళూరు నుంచి హుబ్బళ్లికి ఆ ఆగస్టులోనే తొలి సర్వీసు నడిపారు. సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి విజయవాడకి తొలి విమానం. అది బేగంపేటలో బయల్దేరబోతుంటే ఇంజిన్‌లో మంటలొచ్చాయి. అందులో వెంకయ్యనాయుడు గారు కూడా ఉన్నారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. "మొదటి ట్రిప్పుకే ఇంజిన్ కాలిందా? నిమ్మకాయ తొక్కించలేదేమో" అని ఆటోనగర్‌లో జోకులేసుకున్నారట.

అంత జరిగినా డెక్కన్ నిలబడింది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన కామన్ మ్యాన్ బొమ్మని విమానం మీద వేసుకుంది. రూపాయి టికెట్ అని ఊరంతా మోగించింది. పన్నులతో కలిపితే రూపాయి కాదనుకోండి, కానీ రూపాయి అన్న మాట చాలు. జీవితంలో ఎయిర్‌పోర్టు గేటు కూడా చూడనివాళ్లు నా కొట్టుకొచ్చి "ఆ రూపాయిది ఉందా?" అని అడిగేవాళ్లు. 2007లో కింగ్‌ఫిషర్ అందులో వాటా కొని, మరుసటేడు పేరే మార్చేసింది. 2012 అక్టోబరుకి కింగ్‌ఫిషరే ఆగిపోయింది. సరిగ్గా ఏడాదికి మా ఊరి విమానం వచ్చింది.

వాళ్లు తెచ్చినవి బ్రెజిల్ దేశపు ఎంబ్రేయర్ జెట్లు. మొదట 67 సీట్ల ‘ఈ170’ రకం, తర్వాత 112 సీట్ల ‘ఈ190’ రకం. 67 సీట్లంటే మా గరుడ బస్సు కన్నా ఓ ఇరవై ఎక్కువ, అంతే. కానీ అందులో ఒక సుఖం ఉంది. నడవాకి అటు రెండు సీట్లు, ఇటు రెండు సీట్లు. మధ్య సీటన్నదే లేదు. ఎవరైనా కిటికీ దగ్గరో, నడవా పక్కనో కూర్చోవాల్సిందే. ఇద్దరు తెలియని మనుషుల మోచేతుల మధ్య నలగాల్సిన పని లేదు.

ఆ సుఖం విలువ నాకు ఒక పెద్దావిడ నేర్పింది. సత్యనారాయణపురం నుంచి రిక్షా కట్టించుకుని వచ్చేది. కొడుకు బెంగళూరులో. అంతకు ముందు ఎప్పుడూ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేది. సైడ్ లోయర్ తప్ప వేరే బెర్త్ ఇస్తే ఒప్పుకునేది కాదు. సైడ్ లోయర్ అయితే "ఎవరి కాళ్లూ తగలవు బాబూ, కిటికీ మనదే" అనేది. ఒకసారి కొడుకు ఫోన్ చేసి, అమ్మకి విమానం టికెట్ తియ్యండి, ఆ మోకాళ్లతో ట్రెయిన్ వద్దు అన్నాడు. ఆవిడ కొట్లో కూర్చుని అరగంట భయపడింది. కంప్యూటర్లో సీట్ల బొమ్మ తిప్పి చూపించాను. రెండు గళ్లు, ఖాళీ, రెండు గళ్లు. ముక్కు దగ్గరకి పెట్టుకుని చూసి, "అంటే ఇది మొత్తం సైడ్ లోయరేనా?" అంది.

వెళ్లొచ్చాక ఓ పొట్లంలో మైసూర్‌పాక్ తెచ్చిచ్చింది. అప్పట్నుంచి ఏడాదికి మూడుసార్లు వచ్చేది. "ఆ ఇద్దరిద్దరి విమానమే" అని గట్టిగా చెప్పేది. ధర రెండొందలు ఎక్కువైనా సరే.

2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయింది. రాజధాని మా పక్కనే అన్నారు. ఒక్కసారిగా గన్నవరం రోడ్డు మీద కార్లు పెరిగాయి. హైదరాబాద్ నుంచి అధికారులు, ఢిల్లీ నుంచి కన్సల్టెంట్లు, బెంగళూరు నుంచి స్థలాలు చూసుకునే ఐటీ కుర్రాళ్లు. నా కొట్టు కూడా బాగా నడిచింది. రెండో ప్రింటరు కొన్నాను. కొట్టుకి ఏసీ పెట్టించాను. కేంద్రంలో విమానయాన మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. ఆ రోజుల్లో మాకు అన్నీ శుభ శకునాలుగానే కనబడేవి.

ఈ హడావుడికి కొన్ని నెలల ముందే, ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్ షోలో కోస్టా వాళ్లు 50 కొత్త ఎంబ్రేయర్లకి ఆర్డరిచ్చారు. జాబితా ధర ప్రకారం 294 కోట్ల డాలర్లు. అప్పటికి వాళ్ల దగ్గర ఎగురుతున్న విమానాలు ఒక చేతి వేళ్లన్ని కూడా లేవు. ఆ పేపర్ పట్టుకుని ఇంటికెళ్లి నాన్నకి చదివి వినిపించాను. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే ఆ విమానాలన్నీ నేనే కొన్నట్టు.

నాన్న పేపర్ తీసుకుని మళ్లీ తనే చదివాడు. కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుని, "రెండు బండ్లున్నోడు మూడోది కొంటాడు. యాభై కొనడు" అన్నాడు.

"ఇప్పుడే డబ్బు కట్టరు నాన్నా, కొన్నేళ్ల తర్వాత వస్తాయి. ఆర్డరుంటే పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తారు" అన్నాను. అది నిజమే. విమానాల వ్యాపారంలో అలాగే చేస్తారు.

"నేనూ ఐదోది అలాగే కొన్నా" అన్నాడు.

ఆ ఐదో లారీ సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసినదే అయినా ఎవరం ఎత్తం. 1996లోననుకుంటా, కిరాయిలు బాగున్నాయని ధైర్యం చేసి రెండు బండ్లు ఒకేసారి తీశాడు. మూడు నెలలు బాగానే ఉంది. తర్వాత ఒక బండికి ఇంజిన్ పని పడింది, ఇంకోటి చెక్‌పోస్ట్ గొడవలో పదిహేను రోజులు ఆగింది. రెండు కిస్తీలు తప్పాయి. మూడో నెల ఒకరోజు తెల్లవారుజామున డ్రైవర్ సూర్యాపేట దాటాక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. ఫైనాన్స్ వాళ్ల మనుషులు జీపు అడ్డం పెట్టి బండి ఆపారట. లోడుతో సహా. తాళాలు తీసుకున్నారు, డ్రైవర్‌ని, క్లీనర్‌ని దించేశారు. నాన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని అమ్మ రెండుసార్లు పిలిచింది. "సరుకు ఎవరిదో, వాళ్లకేం చెప్పాలి" అని మాత్రం అన్నాడు.

అందుకే ఆయనకి ఆ రేకు ముక్క కనబడింది. నేను నూరుసార్లు ఎయిర్‌పోర్టుకెళ్లినా నాకు కనబడలేదు.

కోస్టా లెక్కలు నేను నా పద్ధతిలో చూసేవాణ్ని. నాకు తెలిసింది సీట్లు. స్క్రీన్ మీద గళ్లు నిండితే బాగున్నట్టు. నేను చూసినంతలో గళ్లు బాగానే నిండేవి. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, విశాఖ, తిరుపతి, అటు అహ్మదాబాద్, జైపూర్ దాకా. జైపూర్ చూసి మొదట నవ్వొచ్చింది గానీ వన్‌టౌన్‌లో గుడ్డల వ్యాపారం చేసే మార్వాడీల ఇళ్ల నుంచి టికెట్లు అడగడం మొదలెట్టాక నవ్వడం మానేశాను. నిండిన విమానానికి నష్టం ఎలా వస్తుందో నాకు చాలా కాలం అర్థం కాలేదు. నాన్నకి అర్థమైంది. నేను ముక్కలు ముక్కలుగా తెలిసింది చెబుతుంటే ఆయన లారీ భాషలోకి మార్చుకునేవాడు.

మొదటిది ఆయిలు. విమానాల ఇంధనం మీద అమ్మకం పన్ను ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిది. తమిళనాడు, కర్ణాటకల్లో 25 శాతం పైనే ఉండేది. విభజన తర్వాత మన రాష్ట్రం ఒక్క శాతానికి దించింది గానీ, విమానం ఒక్క గన్నవరంలోనే ఆయిల్ కొట్టించుకోదు కదా. ఇక్కడే చిన్న విమానానికి అప్పట్లో ఒక వెసులుబాటు ఉండేది. టేకాఫ్ బరువు 40,000 కిలోలకి లోపుంటే కేంద్ర చట్టం ప్రకారం ఆ పన్ను నాలుగైదు శాతం దాటేది కాదు. పైగా 80 సీట్ల లోపు విమానానికి ల్యాండింగ్ చార్జీలు కూడా ఉండేవి కావు. 67 సీట్ల ఈ170కి ఈ రెండూ వర్తించేవి. 2005లో మొదలైన చెన్నై పారమౌంట్ ఎయిర్‌వేస్ కూడా ఈ లెక్క చూసుకునే ఇవే ఎంబ్రేయర్లు తెచ్చుకుంది. అది 2010లో మూతపడిందనేది వేరే సంగతి.

112 సీట్ల ఈ190కి వచ్చేసరికి బరువూ దాటింది, సీట్లూ దాటాయి. రెండు వెసులుబాట్లూ పోయాయి. ఎక్కువ సీట్లు అమ్ముకోవచ్చు, నిజమే. కానీ మొత్తం ఆయిల్ మీద పెద్దోళ్లు కట్టే పన్నే కట్టాలి, పెద్దోళ్లకున్న బేరం మాత్రం ఉండదు.

"టన్నేజీ పెరిగితే టాక్స్ మారుద్ది, పర్మిట్ మారుద్ది. కిరాయి మాత్రం పార్టీ పెంచడు" అన్నాడు నాన్న. అంతే ఆయన విశ్లేషణ. అంతకన్నా బాగా చెప్పినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు.

రెండోది డాలరు. టికెట్ డబ్బు రూపాయల్లో వస్తుంది. విమానాల లీజు అద్దె, పెద్ద రిపేర్లు, పైలట్ల సిమ్యులేటర్ ట్రైనింగు అన్నీ డాలర్లలో కట్టాలి. 2013 ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటింది. కోస్టా ఎగరడం మొదలెట్టింది ఆ తర్వాత రెండు నెలలకి. ముహూర్తం అంటే అది.

మూడోది ఆటోనగర్ లేకపోవడం. ఈ మాట నాన్నదే, నాకు చాలా ఇష్టం. మా ఆటోనగర్‌లో ఒక లేలాండ్ బండి చెడితే పక్క షెడ్డులో సామాను దొరుకుతుంది. అక్కడ లేకపోతే ఎదురు షెడ్డులో పాత బండి ఒకటి పడి ఉంటుంది, దాంట్లోంచి ఊడదీసి పెడతారు. రాత్రి పదింటికి తలుపు కొట్టినా మేస్త్రీ లేస్తాడు. పారమౌంట్ పోయాక దేశంలో ఆ ఎంబ్రేయర్లు షెడ్యూల్ మీద నడిపేది దాదాపు కోస్టా ఒక్కటే. పక్కవాడి దగ్గర అరువు అడుగుదామంటే పక్కవాడి దగ్గర బోయింగో, ఎయిర్‌బస్సో ఉంటుంది. దాని సామాను దీనికి పట్టదు. పైలట్ సెలవు పెట్టినా అంతే, ఇంకో కంపెనీ నుంచి లాక్కుందామన్నా ఈ బండి తోలడం వచ్చినవాడు దొరకాలి.

చెన్నైలో పొద్దున ఒక విమానం ఆగితే ఆ రోజంతా అది తిరగాల్సిన ఊళ్లన్నీ ఆగుతాయి. వంద విమానాలున్నవాడు ఇంకోటి పంపిస్తాడు. నాలుగున్నవాడు ఏం పంపిస్తాడు? ఏ చిన్న సంస్థకైనా ఈ కష్టం తప్పదు. ఆగిన బండికీ లీజు నడుస్తూనే ఉంటుంది. "బండి ఆగుద్ది గానీ కిస్తీ ఆగదు" అని ఆటోనగర్‌లో టీ కొట్టు దగ్గర ఎవర్నడిగినా చెబుతారు.

మధ్యలో ఆయిల్ ధరలు బాగా పడిపోయాయి, 2014 చివర్నుంచి. హమ్మయ్య, ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను. కానీ పడింది అందరికీ కదా. పెద్ద కంపెనీలు ఆ మిగులుతో టికెట్ రేట్లు కోసేశాయి, కొత్త విమానాలు దించాయి. నా స్క్రీన్ మీద రేట్లు చూస్తే కొన్ని రోజులు హైదరాబాద్‌కి విమానం, ఏసీ బస్సు పక్కపక్కనే ఉండేవి. కస్టమర్లు పండగ చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను, అబద్ధం ఎందుకు. మొత్తం దేశంలో విమానం ఎక్కేవాళ్లలో కోస్టా వాటా నూటికి ఒకటి దరిదాపుల్లోనే ఉండేది. అలాంటివాడు రేటు పెంచితే జనం పక్కకి పోతారు, పెంచకపోతే తనే పోతాడు.

2016 ఆగస్టు మాకు పెద్ద నెల. కృష్ణా పుష్కరాలు 12 నుంచి 23 వరకు. ఘాట్లన్నీ కడిగి రంగులేశారు, ఊరికి పెళ్లి కళ వచ్చింది. ఎక్కడెక్కడి బంధువులో ఫోన్లు చేసి టికెట్లు అడుగుతున్నారు. సరిగ్గా దానికి ముందే, ఆగస్టు మొదటి వారంలో, లీజు సంస్థతో వచ్చిన తకరారు వల్ల కోస్టా విమానాలు ఆగాయని పేపర్లో వచ్చింది. అంతకు ఓ వారం ముందు, జులై చివర్లో, బెంగళూరు వాళ్ల ఎయిర్ పెగాసస్ ఆగిపోయింది. అది మొదలై పదిహేను నెలలే. దాని తర్వాత ఇది.

ఆ రోజు సాయంత్రం నాన్నకి ఫోన్లో చెప్పాను. అటు నుంచి ఏమీ వినిపించలేదు కాసేపు.

"లోడుతో ఉండగా ఆపారా?" అని అడిగాడు.

"లేదు నాన్నా. నేల మీద ఉండగానే."

"నయం" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

కోస్టా మళ్లీ ఎగిరింది. అందరం మర్చిపోయాం. పుష్కరాల తర్వాత నవంబరులో నోట్ల రద్దు వచ్చింది, నా కొట్టులో నగదు వ్యాపారం ఒక్క రాత్రిలో పడిపోయింది, కాబట్టి ఇతరుల కష్టాలు చూసే తీరిక నాకూ లేదు. 2017 జనవరిలో గన్నవరంలో కొత్త టెర్మినల్ తెరిచారు. గాజులు, మెరిసే నేల, ఎత్తైన కప్పు. పాత టెర్మినల్‌లో చెకిన్ కౌంటర్ దగ్గర నిలబడితే టీ కొట్టు, సెక్యూరిటీ, బాత్రూం, లగేజీ అన్నీ ఒక్క చూపులో కనబడేవి. కొత్తదాంట్లో మా ఊరి విమానం ఎంత ముచ్చటగా ఉంటుందో అనుకున్నాను.

నెలన్నర. ఫిబ్రవరి 28న కోస్టా సర్వీసులన్నీ ఆపేసింది. డబ్బు పెట్టేవాళ్ల కోసం చూస్తున్నాం, కొన్నాళ్లకి మళ్లీ మొదలవుతుంది అన్నట్టుగానే వార్తలొచ్చాయి. మళ్లీ మొదలవలేదు. ఆ యాభై విమానాల్లో ఒక్కటీ గన్నవరంలో దిగలేదు. మూడేళ్ల నాలుగు నెలలు, అంతే దాని ఆయుష్షు. నా కొట్టులో ఏసీకి కట్టిన వాయిదాలు కూడా దాదాపు అన్నే.

ఏప్రిల్ 27న కేంద్రం ఉడాన్ పథకం కింద తొలి విమానాలు మొదలుపెట్టింది, చిన్న ఊళ్లకి విమానాలు నడిపితే సీట్లకి ప్రభుత్వం కొంత ఇస్తుందని. ఆ రోజు మొదలైన సర్వీసుల్లో కడప, హైదరాబాద్ ఒకటి, హైదరాబాద్ వాళ్ల ట్రూజెట్ నడిపింది. రెండు నెలలు ఓపిక పడితే ఈ గాలి కోస్టాకీ తగిలేదేమో అని నేనన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "రెండు నెలలు ఓపిక పట్టడానికి రెండు నెలల కిస్తీ ఉండాలిగా" అన్నాడు. ఆ ట్రూజెట్ కూడా 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అప్పటికి నాన్న లేడు. ఉంటే ఏమనేవాడో.

కోస్టా ఆగిన వారంలో ఆటోనగర్‌కి వెళ్లాను, ఆయన స్నేహితుల దగ్గర కూర్చుని ఉన్నాడు. అక్కడ ఒకాయన "ఆరంభ శూరత్వం, ఇంకేంటి. స్థలాలు అమ్ముకునేవాళ్లకి విమానాలెందుకు?" అని నవ్వాడు. నలుగురూ నవ్వారు. నాన్న నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "బండి తియ్యడం తప్పా? నువ్వూ తీశావ్, నేనూ తీశా" అన్నాడు. అంతటితో మాట మారిపోయింది, టైర్ల రేట్ల మీదకి.

మార్చి నెల మధ్యలో ఆ పెద్దావిడ వచ్చింది. ఉగాదికి కొడుకు రమ్మన్నాడట. రిక్షా ఆపి, మెల్లగా మెట్టెక్కి, ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ ఇద్దరిద్దరి విమానమే తియ్యి బాబూ. కిటికీ వైపు."

లేదని చెప్పాను. ఆ రోజుకి అయిపోయాయా అంది. మొత్తానికే లేదు బామ్మగారూ, ఆపేశారు అన్నాను. ఇంకో విమానం ఉంది, చూపిస్తాను రండి అని స్క్రీన్ తిప్పాను. మూడు గళ్లు, ఖాళీ, మూడు గళ్లు. ఆవిడ ముక్కు దగ్గరకి పెట్టుకుని చూసింది. మధ్య గడి మీద వేలు పెట్టింది.

"ఇక్కడెవరు కూర్చుంటారు?"

"ఎవరో ఒకరు. మీకు కిటికీ దగ్గరే ఇప్పిస్తాను."

కాసేపు ఆలోచించి కుర్చీలో వెనక్కి వాలింది. గోడ మీద రైల్వే టైంటేబుల్ వైపు చూసింది.

"ప్రశాంతిలో సైడ్ లోయర్ ఉందేమో చూడు బాబూ."

ఉంది. ఒక్కటే ఉంది. తీసిచ్చాను.